టాక్సీ డ్రైవర్ (1976): తరచుగా అడిగే ప్రశ్నలు

‘టాక్సీ డ్రైవర్’ చూశాక చాలామంది అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. చివర్లో జరిగింది నిజమా, కలా? ట్రావిస్ మంచివాడా, చెడ్డవాడా? అంత బాగుందని ఎందుకంటారు? నేను ఈ సినిమాని చాలాసార్లు చూశాను. నాకు తెలిసినంతలో జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ముగింపుతో సహా కథంతా ఇందులో ఉంది. ఇంకా చూడనివాళ్లు మొదటి ప్రశ్న, చివరి రెండు ప్రశ్నలు మాత్రం చదివి, మిగతావి సినిమా చూశాక చదవండి.

ఇది ఎవరి సినిమా? కథ ఏమిటి?

1976 ఫిబ్రవరిలో అమెరికాలో విడుదలైంది. దర్శకుడు మార్టిన్ స్కోర్సేజీ, రచయిత పాల్ ష్రేడర్. ట్రావిస్ బికిల్ పాత్ర వేసింది రాబర్ట్ డి నీరో. ట్రావిస్‌కి 26 ఏళ్లు. మెరైన్స్ అనే అమెరికా సైనిక దళంలో పనిచేసి బయటికొచ్చాడు. న్యూయార్క్‌లో ఒక ఇరుకు గదిలో ఒక్కడే ఉంటాడు. రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఎలాగూ మెలకువే కదా అని రాత్రి షిఫ్టులో టాక్సీ నడిపే పనికి చేరతాడు. సాయంత్రం ఆరుకి ఎక్కితే తెల్లారి ఆరు దాకా, ఒక్కోసారి ఎనిమిది దాకా బండి మీదే.

ఎన్నికల ప్రచార ఆఫీసులో పనిచేసే బెట్సీ మీద మనసు పడతాడు. అది చెడుతుంది. తర్వాత ఐరిస్ కనిపిస్తుంది. పన్నెండేళ్ల పిల్ల, ఇంటి నుంచి పారిపోయి వచ్చి వ్యభిచారంలో చిక్కుకుంది. ఈలోగా ట్రావిస్ తుపాకులు కొంటాడు. క్రైమ్ సినిమా అని పేరే గానీ ఇందులో దర్యాప్తు లేదు, పోలీసుల వేట లేదు. ఒక మనిషి రోజురోజుకీ నేరం వైపు ఎలా జరుగుతూ పోయాడన్నదే కథ.

ఇది నిజంగా జరిగిన కథా?

కాదు. కానీ గాల్లోంచి పుట్టిందీ కాదు. 1972 ప్రాంతంలో ష్రేడర్ జీవితం బాగా దెబ్బతింది. పెళ్లి చెడింది, చేతిలో పని లేదు, ఉండటానికి ఇల్లు కూడా సరిగ్గా లేక కారులో తిరుగుతూ గడిపాడు. కడుపులో అల్సర్ ముదిరి ఆసుపత్రికి వెళ్తే అక్కడ నర్సుతో మాట్లాడుతుండగా తెలిసొచ్చిందట, తను కొన్ని వారాలుగా ఏ మనిషితోనూ మాట్లాడలేదని. అప్పుడే టాక్సీ గుర్తొచ్చింది. ఊరి నడిమధ్య, జనంలోనే తిరుగుతూ కూడా ఒక ఇనప పెట్టెలో ఒంటరిగా కూర్చున్న మనిషి. రెండు వారాల లోపే స్క్రిప్టు రాసేశాడు. అప్పటికి ఆయన వయసూ ట్రావిస్ వయసే.

1972 మే నెలలో ఆర్థర్ బ్రెమర్ అనే యువకుడు అధ్యక్ష పదవికి పోటీ పడుతున్న జార్జ్ వాలెస్‌ని కాల్చాడు. వాలెస్ బతికాడు గానీ నడుం కింద చచ్చుబడిపోయింది. ఆ వార్త కూడా ఈ కథలో కలిసింది. ట్రావిస్ ఒక సెనేటర్ మీద గురి పెట్టడంలో ఆ ఛాయ కనిపిస్తుంది.

ట్రావిస్ అలా అవడానికి వియత్నాం యుద్ధమే కారణమా?

సినిమా అలా తేల్చి చెప్పదు. 1973లో మెరైన్స్ నుంచి గౌరవంగా డిశ్చార్జి అయ్యానని ఉద్యోగం ఇచ్చేవాడితో అంటాడు, అంతే. యుద్ధం జ్ఞాపకాలు లేవు, పీడకలలు లేవు. వీపు మీద మచ్చ ఒకటి కనిపిస్తుంది. ఎలా వచ్చిందో ఎవరూ అడగరు.

ఒకే కారణం చూపించి ఉంటే మనం ‘ఓహో, అందుకా’ అనుకుని ఊపిరి పీల్చుకునేవాళ్లం. అలా ఊరట పడనివ్వకపోవడమే ఈ రచనలోని బలం అని నా అభిప్రాయం. నిద్రలేమి ఉంది, మాత్రలున్నాయి, సరైన తిండి లేదు, మాట్లాడే తోడు లేదు, తెల్లారితే వెళ్లి కూర్చునేది బూతు సినిమా హాల్లో. ఇన్ని కలిశాయి.

ఇంకో సంగతి చాలామంది దాటేస్తారు. ట్రావిస్‌కి నల్లజాతి మనుషులంటే లోపల ద్వేషం, భయం. డ్రైవర్లు కూర్చునే కెఫెటేరియాలో పక్క టేబుల్ వైపు అతను చూసే చూపు గమనించండి. ష్రేడర్ మొదట రాసినదాంట్లో ఐరిస్‌ని నడిపించే తార్పుడుగాడు స్పోర్ట్ నల్లజాతివాడు. అలాగే తీస్తే హాళ్లలో గొడవలు రేగుతాయని ఆ పాత్రని తెల్లవాడిగా మార్చారు, హార్వీ కైటెల్ వేశాడు. పాత్ర మారినా ట్రావిస్ చూపు మాత్రం మారలేదు. ఊరిని కడిగేసే వాన ఒకటి రావాలని అతను కోరుకుంటాడు. ఆ ‘మురికి’ అనే మాటలో అతను ఎవరెవరిని కలిపేస్తున్నాడో విన్నప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

న్యూయార్క్ నిజంగా అంత దారుణంగా ఉండేదా, లేక సెట్టా?

చాలావరకు నిజం వీధులే. 1975 వేసవిలో తీశారు. అప్పుడు నగరం చేతిలో డబ్బులేక దివాలా అంచున ఉంది. వేలమంది ఉద్యోగుల్ని తీసేశారు. జులైలో పారిశుధ్య కార్మికులు పని ఆపేస్తే చెత్త కుప్పలు రోడ్ల మీద పేరుకుపోయాయి. పైగా ఎండ, ఉక్కపోత. టైమ్స్ స్క్వేర్ చుట్టుపక్కల, 42వ వీధిలో బూతు సినిమా హాళ్లు వరసగా ఉండేవి. ఇప్పుడు అక్కడికి టూరిస్టుగా వెళ్లి ఫొటో దిగిన మన తెలుగువాళ్లకి ఇది అదే చోటంటే నమ్మబుద్ధి కాదు.

కాకపోతే ఒక మాట. మనం చూస్తున్నది పూర్తిగా న్యూయార్క్ కాదు, ట్రావిస్ కళ్లతో చూసిన న్యూయార్క్. మైఖేల్ చాప్‌మన్ కెమెరా టాక్సీ అద్దాల్లోంచి, తడి గాజు మీది ఎర్ర, పచ్చ వెలుగుల్లోంచి చూపిస్తుంది. అదే ఊళ్లో అదే రాత్రి ఎంతోమంది పిల్లల్ని నిద్రపుచ్చుకుని పడుకుని ఉంటారు. వాళ్లెవరూ ట్రావిస్‌కి కనపడరు.

బెట్సీని అలాంటి సినిమాకి ఎలా తీసుకెళ్లాడు? అంత తెలివి లేదా?

సిబిల్ షెపర్డ్ వేసిన బెట్సీ మొదట్లో అతనితో కాఫీకి వస్తుంది, కుతూహలంగానే మాట్లాడుతుంది. ఆ తర్వాత అతను ఆమెని బూతు సినిమాకి తీసుకెళ్తాడు. ఆమె లేచి వెళ్లిపోతుంది. అతనికి నిజంగానే అర్థం కాదు. జంటలు కూడా వస్తుంటారు కదా అంటాడు. అతను వెళ్లే హాళ్లు అవే, అతనికి తెలిసిన ‘బయటికి వెళ్లడం’ అదే. కావాలని చెడగొట్టుకున్నాడని అనేవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం అది మనుషుల మధ్య ఎలా మెలగాలో మర్చిపోయినవాడి పనిలాగే కనిపిస్తుంది.

అయితే దాని తర్వాత జరిగేది మర్చిపోకూడదు. ఆమె వద్దంటే ఆఫీసుకి వెళ్లి అందరి ముందూ అరుస్తాడు. తన తప్పు ఒక్కటీ ఒప్పుకోడు, నువ్వూ మిగతావాళ్లలాంటిదానివే అని తిడతాడు. జాలి అక్కడితో ఆగిపోవాలి.

ఫోన్ సీన్‌లో కెమెరా ఎందుకు పక్కకి జరిగిపోతుంది?

నాకు ఈ సినిమాలో అన్నిటికంటే ఇష్టమైన షాట్ అది. ట్రావిస్ గోడకున్న ఫోన్‌లో బెట్సీతో మాట్లాడుతుంటాడు. పూలు అందాయా, ఇంకోసారి కలుద్దామా అని బతిమాలుతుంటాడు. అవతలి గొంతు మనకి వినపడదు. కెమెరా మెల్లగా అతన్ని వదిలేసి కుడివైపు ఖాళీగా ఉన్న నడవ దగ్గరికి వెళ్లి ఆగుతుంది. అక్కడ ఎవరూ ఉండరు. మాటలు మాత్రం వినిపిస్తుంటాయి.

ఆ అవమానం కళ్లారా చూడలేనంత నొప్పిగా ఉంటుంది గనకే కెమెరా తల తిప్పేసుకుంది. స్కోర్సేజీ ఈ సినిమాలో ముఖ్యమైన షాట్ ఇదేనని చెప్పాడు. చివర్లో అంత రక్తం చూపించడానికి వెనకాడని సినిమా, ఒక మనిషి ఫోన్‌లో తిరస్కారం పొందుతుంటే మాత్రం చూడలేకపోయింది. ఏది ఎక్కువ బాధో అక్కడ తెలుస్తుంది.

అతనికి సాయం చేసేవాళ్లు ఒక్కరూ లేరా?

ఈ ప్రశ్న తక్కువమంది అడుగుతారు, కానీ అసలు ప్రశ్న ఇదే అనిపిస్తుంది నాకు.

ఒక రాత్రి ట్రావిస్ తన తోటి డ్రైవర్ విజార్డ్‌ని బయటికి పిలుస్తాడు. ఆ పాత్ర పీటర్ బోయిల్ వేశాడు. నా బుర్రలో చెడ్డ ఆలోచనలు వస్తున్నాయని చెప్పబోతాడు. మాటలు రావు. నసుగుతాడు. పాపం విజార్డ్ మంచివాడే, ఏదో చెప్పాలని చూస్తాడు. మనిషి ఏ పని చేస్తే ఆ పనే అయిపోతాడు, అందరం అంతే, మరీ ఆలోచించకు అన్నట్టు మాట్లాడతాడు. ఇంత తెలివితక్కువ మాట ఎప్పుడూ వినలేదని ట్రావిస్ అంటాడు. విజార్డ్ కూడా నేనేం పెద్ద చదువుకున్నవాణ్ని కాదుగా అంటాడు. ఇద్దరూ విడిపోతారు. మొత్తం సినిమాలో ట్రావిస్ నోరు తెరిచి సాయం అడగడానికి దగ్గరగా వచ్చింది అప్పుడొక్కసారే.

ఇంకొకటి, ఇంటికి రాసే కార్డు. అమ్మానాన్నల పెళ్లిరోజుకి శుభాకాంక్షలు రాస్తూ, ప్రభుత్వం కోసం రహస్యమైన పని చేస్తున్నాననీ, బెట్సీ అనే అమ్మాయితో కొన్ని నెలలుగా కలిసి తిరుగుతున్నాననీ అబద్ధం చెబుతాడు. అడ్రసు మాత్రం ఇవ్వడు. ఊరొదిలి హైదరాబాద్‌కో, బెంగళూరుకో, అమెరికాకో వెళ్లి, గదిలో ఒంటరిగా కూర్చుని ఫోన్‌లో ‘బాగానే ఉన్నానమ్మా, తిన్నాను’ అని చెప్పినవాళ్లు మనలో ఎంతమంది! నేనూ చెప్పాను. ఆ సీన్ వచ్చినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. అంతమాత్రాన మనమంతా ట్రావిస్‌లం అయిపోం. ఆ అబద్ధం దగ్గర నుంచి వెనక్కి తిరగడానికి మనకి ఎవరో ఒకరు దొరికారు, అతనికి దొరకలేదు, దొరికినవాళ్లని అతను నిలుపుకోలేదు.

అద్దం ముందు డైలాగు డి నీరో సొంతమా?

అవును. స్క్రిప్టులో ట్రావిస్ అద్దంలో తనతో తాను మాట్లాడుకుంటాడని మాత్రమే ఉంది. మాటలు డి నీరో అక్కడికక్కడ అల్లుకున్నాడు. ‘నాతోనేనా మాట్లాడుతున్నావు?’ అని అద్దంలోని మనిషిని నిలదీస్తాడు, చొక్కా చేతిలో దాచిన తుపాకీ టక్కున బయటికి తీస్తాడు.

ఇవాళ జనం దాన్ని సరదాగా అనుకరిస్తారు, టీషర్టుల మీద వేసుకుంటారు. సినిమాలో ఆ చోట చూస్తే నవ్వు రాదు. నాతో మాట్లాడుతున్నావా అని అడుగుతున్నాడు, ఎదురుగా మాట్లాడేవాళ్లే లేరు. ఇక్కడ నేనొక్కణ్నే ఉన్నాను కదా అని తనే అంటాడు కూడా.

డి నీరో నిజంగా టాక్సీ నడిపాడా? గుండు నిజమేనా?

టాక్సీ నిజం. లైసెన్సు తీసుకుని న్యూయార్క్‌లో రాత్రిళ్లు నడిపాడు. అప్పుడు ఇటలీలో బెర్నార్డో బెర్తొలూచీ సినిమాలో నటిస్తూ, మధ్యలో ఖాళీ దొరికినప్పుడు వచ్చి నడిపేవాడు. అప్పటికే ‘గాడ్‌ఫాదర్’ రెండో భాగానికి ఆస్కార్ అందుకున్న నటుడు, ఈ సినిమాకి తీసుకున్నది మాత్రం 35 వేల డాలర్లే.

గుండు అబద్ధం. రెండు పక్కలా గొరిగి నడినెత్తిన జుట్టు నిలబెట్టినట్టు కనిపించేది మేకప్. తర్వాతి సినిమాకి డి నీరోకి జుట్టు కావాలి, అందుకని డిక్ స్మిత్ అనే మేకప్ నిపుణుడు తలకి తొడుగు చేసి ఇచ్చాడు. అతుకు ఎక్కడుందో నేను ఎంత వెతికినా దొరకలేదు.

ఐరిస్‌గా వేసిన జోడీ ఫోస్టర్‌కి అప్పుడు నిజంగా పన్నెండేళ్లేనా?

అవును, షూటింగ్ నాటికి 12. అందుకే కాలిఫోర్నియా అధికారులు ఒప్పుకునే ముందు మానసిక నిపుణుడి చేత ఆమెని పరీక్ష చేయించారు. ఇబ్బందికరమైన కొన్ని షాట్లలో ఆమె బదులు పెద్దదైన అక్క నిలబడింది. అన్ని జాగ్రత్తలు తీసుకున్నా అంత చిన్నపిల్ల చేత ఆ పాత్ర వేయించడం సరైనదేనా అన్న ప్రశ్న నన్ను వదలదు. ఆమె నటన అద్భుతమన్నది ఎంత నిజమో, ఆ ప్రశ్న అడగాల్సిందే అన్నదీ అంతే నిజం.

ట్రావిస్‌తో కలిసి టిఫిన్ చేసే సీన్‌లో ఐరిస్ రొట్టె మీద జామ్ పూసి, దాని మీద పంచదార కూడా పోసుకుని తింటుంది. చిన్నపిల్ల అని అంతకంటే ఎవరూ చెప్పలేరు.

ఆ సంగీతం ఎవరిది?

బెర్నార్డ్ హెర్మన్‌ది. ‘సిటిజన్ కేన్’, ‘వెర్టిగో’, ‘సైకో’లకి సంగీతం ఇచ్చినాయన. ఒకవైపు సాక్సోఫోన్ మీద తీయటి, అలసిన రాగం, ఇంకోవైపు డ్రమ్ములు, బూరలు కలిసి ఏదో ముంచుకొస్తున్నట్టు పెరిగే మోత. ట్రావిస్ మనసులోని రెండు ముక్కలూ అవే, ఒకటి ప్రేమ కోరుకునేది, ఇంకొకటి యుద్ధానికి సిద్ధమవుతున్నది.

1975 డిసెంబర్ 23న రికార్డింగ్ ముగించి హోటల్‌కి వెళ్లారు. ఆ రాత్రి నిద్రలోనే కన్నుమూశారు. సినిమా ఆయనకి కృతజ్ఞత చెబుతూ ముగుస్తుంది.

క్లైమాక్స్‌లో రంగులు వెలిసినట్టు ఎందుకున్నాయి? ప్రింటు పాడైందా?

పాడవలేదు. చివర్లో ఐరిస్‌ కోసం ట్రావిస్ స్పోర్ట్‌నీ, అతనితో ఉన్నవాళ్లనీ కాల్చే సీన్‌లో రక్తం అంత ఎర్రగా ఉంటే సెన్సారు ‘ఎక్స్’ (పెద్దలకు మాత్రమే) రేటింగు ఇస్తుందని, అలా ఇస్తే చాలా హాళ్లు వేసుకోవని భయం. అందుకని ఆ భాగంలో రంగుని తగ్గించి బురద రంగులోకి తెచ్చారు. దాంతో ‘ఎక్స్’ కంటే కాస్త మెత్తనిదైన ‘ఆర్’ రేటింగు వచ్చింది. రంగు తగ్గాక ఆ సీన్ పాత పేపర్లోని నేరం ఫొటోలా అయి, ఇంకా భయంకరంగా తయారైంది.

కాల్పులు అయిపోయాక పైకప్పు లోంచి చూస్తున్నట్టు కెమెరా గది మీదుగా, మెట్ల మీదుగా మెల్లగా సాగుతుంది. కూల్చడానికి సిద్ధంగా ఉన్న పాత భవనంలో నిజంగానే కప్పు కోసి తీసిన షాట్ అది. దాన్ని సిద్ధం చేయడానికే నెలలు పట్టింది.

చివర్లో జరిగింది కలా? ట్రావిస్ చనిపోయాడా?

కాల్పుల్లో ట్రావిస్ తీవ్రంగా గాయపడతాడు. తర్వాత చూస్తే గోడ మీద పేపర్ కటింగులు, అతన్ని హీరోగా పొగుడుతూ. ఐరిస్ తండ్రి రాసిన కృతజ్ఞతల ఉత్తరం వినిపిస్తుంది. ట్రావిస్ మళ్లీ టాక్సీ నడుపుతుంటాడు. బెట్సీ ఎక్కుతుంది, ఆమె దగ్గర డబ్బు తీసుకోడు. ఇదంతా చచ్చిపోతున్న మనిషి ఊహ అని కొందరంటారు. అలా చూడటంలో తప్పేమీ లేదు.

కానీ స్కోర్సేజీ, ష్రేడర్ ఇద్దరూ దాన్ని కలగా తీసుకోలేదు. అతను బతికాడు, నయం మాత్రం కాలేదు అన్నదే వాళ్ల మాట. చివరి షాట్‌ని మొదటి షాట్‌కి అతికిస్తే కథ మళ్లీ మొదలవుతుందని ష్రేడర్ అన్నాడు. నేనూ అలాగే అర్థం చేసుకుంటాను. బెట్సీ దిగి వెళ్లాక ట్రావిస్ ఉలిక్కిపడి అద్దంలోకి చూస్తాడు. సుర్రుమని వింత శబ్దం ఒకటి వస్తుంది. ఒక స్వరాన్ని వెనక నుంచి ముందుకి వినిపించిన శబ్దం అది, హెర్మన్ ఆలోచనే. ఆ చూపు నయమైన మనిషి చూపు కాదు.

అయితే ట్రావిస్ హీరోనా, విలనా?

మన సినిమాలు చూసి పెరిగిన కళ్లకి ఇక్కడే పొరపాటు జరిగే అవకాశం ఉంది. పిల్లని కాపాడాడు, చెడ్డవాళ్లని చంపాడు, పేపర్లు పొగిడాయి. మనకి తెలిసిన లెక్క ప్రకారం హీరోయే. నా స్నేహితుల్లో కొందరు అలాగే చప్పట్లు కొట్టారు.

వరస ఒక్కసారి గుర్తు చేసుకోండి. అదే రోజు పొద్దున ట్రావిస్ వెళ్లింది బెట్సీ ఎవరి ప్రచారంలో పనిచేస్తోందో ఆ సెనేటర్ పాలంటైన్‌ని చంపడానికి. కోటు జేబులో చెయ్యి పెట్టగానే భద్రతా సిబ్బంది చూశారు, పారిపోయాడు. ఆ సాయంత్రం తుపాకులు పట్టుకుని ఐరిస్ ఉండే చోటికి వెళ్లాడు. పొద్దున పని అయ్యుంటే పేపర్లు అతన్ని హంతకుడని రాసేవి. తుపాకులు అవే, కోపం అదే, మనిషీ అతనే. ఎదురుగా ఎవరున్నారన్నదొక్కటే మారింది. అతన్ని హీరో అంటున్నది పేపర్లే గానీ సినిమా కాదు.

ఒక మనిషికి ఇంత దగ్గరగా కెమెరా పెట్టడం వేరు, అతన్ని వెనకేసుకు రావడం వేరు. ట్రావిస్‌ని అర్థం చేసుకోమని సినిమా మనల్ని అడుగుతుంది. అతనితో ఏకీభవించమని అడగదు. ఈ తేడా పట్టుకోలేకపోతే సినిమా అంతా తలకిందులుగా అర్థమవుతుంది.

ఈ సినిమా చూసి ఒకడు అమెరికా అధ్యక్షుణ్ని కాల్చాడంటారు, నిజమా?

నిజం. 1981 మార్చి 30న జాన్ హింక్లీ వాషింగ్టన్‌లో రొనాల్డ్ రీగన్‌ని కాల్చాడు. రీగన్ బతికారు. ఆయనతో ఉన్నవాళ్లలో ముగ్గురికి గాయాలయ్యాయి, పత్రికా కార్యదర్శి జేమ్స్ బ్రేడీకి తలలో తూటా దిగి జీవితాంతం వైకల్యం మిగిలింది. హింక్లీ ఈ సినిమాని మళ్లీ మళ్లీ చూసి, జోడీ ఫోస్టర్ దృష్టిలో పడాలని ఆ పని చేశాడు. అప్పటికి ఆమె యేల్ యూనివర్సిటీలో చదువుకుంటోంది. 1982లో మతిస్థిమితం లేదన్న కారణంతో కోర్టు అతన్ని నిర్దోషిగా తేల్చి, మానసిక చికిత్సాలయానికి పంపింది.

ఆ సాయంత్రం జరగాల్సిన ఆస్కార్ వేడుకని ఒకరోజు వాయిదా వేశారు. మర్నాడు ఉత్తమ నటుడిగా అవార్డు అందుకున్నది డి నీరో, స్కోర్సేజీ తీసిన మరో సినిమాకి. తప్పు సినిమాది అని నేను అనను. కానీ ఆ ఘటన తెలిశాక మళ్లీ చూస్తే మనసు తేలిగ్గా ఉండదు.

అవార్డులు?

1976లో కాన్స్ చిత్రోత్సవంలో అన్నిటికంటే పెద్ద బహుమతి పామ్ డోర్ వచ్చింది. నాలుగు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి: ఉత్తమ చిత్రం, డి నీరో, ఫోస్టర్, హెర్మన్ సంగీతం. ఒక్కటీ గెలవలేదు. ఆ ఏడు ఉత్తమ చిత్రం ‘రాకీ’. స్కోర్సేజీకీ ష్రేడర్‌కీ నామినేషన్ కూడా దక్కలేదు.

ఇంట్లో అందరితో కలిసి చూడొచ్చా?

వద్దు. ఇది పెద్దవాళ్ల సినిమా. హింస, బూతులు, పిల్లల మీద జరిగే దోపిడీ అన్నీ ఉన్నాయి. మీరు బాగా ఒంటరిగా, దిగులుగా ఉన్న రోజుల్లో కూడా దీన్ని పక్కన పెట్టి, ముందు ఎవరికైనా ఫోన్ చేయండి. సినిమా ఎక్కడికీ పోదు.

మొదటిసారి చూసేవాళ్లు ఎలా చూస్తే మంచిది?

నిడివి రెండు గంటల లోపే. మొదటి అరగంట నెమ్మదిగా అనిపిస్తుంది, ఓపిక పట్టండి. రాత్రిపూట, ఫోన్ పక్కన పెట్టి, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. ట్రావిస్ డైరీలో చెప్పేదానికీ తెర మీద అతను చేసేదానికీ తేడా గమనిస్తూ ఉండండి. ఆరోగ్యం బాగు చేసుకుంటానంటాడు, మాత్రలు మింగుతాడు.

ఒక నలిగిన 20 డాలర్ల నోటు మీద కూడా కన్నేసి ఉంచండి. ఐరిస్ టాక్సీలోకి ఎక్కి పారిపోబోతే స్పోర్ట్ ఆమెని బయటికి లాగి, నోరు మూసుకోమన్నట్టు ఆ నోటు ట్రావిస్ పక్క సీట్లో పడేస్తాడు. ట్రావిస్ దాన్ని మిగతా డబ్బులో కలపడు, విడిగా దాచుకుంటాడు. చాలాసేపటి తర్వాత అది ఎవరి చేతికి వెళ్తుందో చూడండి.